చరిత్రా కుట్రా కలగలిసిన నవలలు తెరకెక్కితే: ఏది చూడాలి, ఏది చదవాలి

ఈ తరహా కథల్లో పేర్లు నిజం, ఊళ్లు నిజం, తేదీలు కూడా చాలావరకు నిజం. మధ్యలో ఎక్కడో రచయిత తన కల్పనను తెచ్చి అతికిస్తాడు. చదువుతున్నంతసేపూ "ఇది నిజంగా జరిగిందా?" అనే అనుమానం మనల్ని వదలదు. నవలలో ఆ అనుమానం రాగానే పుస్తకం మూసి నాలుగు నిమిషాలు ఆలోచించుకోవచ్చు. సినిమాలో అంత తీరిక ఉండదు, బొమ్మ పరిగెడుతూనే ఉంటుంది. అందుకే ఒకే నవలను ఇష్టపడ్డ ఇద్దరిలో ఒకరికి దాని సినిమా నచ్చుతుంది, ఇంకొకరికి చప్పగా అనిపిస్తుంది.

వీటిలో ఏది ఎంచుకోవాలన్నా నేను చూసేది ఒక్కటే: చరిత్రకూ కల్పనకూ మధ్య అతుకు ఎక్కడుంది, దాన్ని రచయితా దర్శకుడూ ఎంత నిజాయితీగా వేశారు. నటులు, బడ్జెట్, లొకేషన్లు దాని తర్వాతే.

ముందే చెప్పేస్తాను. ఒక్క సినిమాకే సమయం ఉందంటే 1973 నాటి 'ద డే ఆఫ్ ద జాకాల్' చూడండి. ఇంట్లో పెద్ద పిల్లలతో కలిసి వేగంగా పోయే కథ కావాలంటే 'ఏంజెల్స్ అండ్ డీమన్స్'. ఓపికుండి, మధ్యయుగపు చలీ చీకటీ లోపలికి వెళ్లాలనుంటే 'ద నేమ్ ఆఫ్ ద రోజ్'. అందరికంటే పేరు మోసిన 'డావిన్సీ కోడ్' విషయంలో మాత్రం నవలకే నా ఓటు. ఎందుకో వివరంగా చెబుతాను. కథల చివరి మలుపులు ఎక్కడా విప్పను. విప్పక తప్పని ఒకట్రెండు చోట్ల ముందే చెబుతాను.

ముగింపు తెలిసినా ఊపిరి బిగబట్టించే జాకాల్

1962 ఆగస్టు 22 సాయంత్రం పారిస్ శివారులోని పెటీ క్లమార్ దగ్గర ఫ్రాన్స్ అధ్యక్షుడు షార్ల్ ద గోల్ ప్రయాణిస్తున్న సిట్రోయెన్ కారు మీద తూటాల వాన కురిసింది. అప్పటిదాకా ఫ్రాన్స్ పాలించిన అల్జీరియాను వదులుకోవడాన్ని దేశద్రోహంగా భావించినవాళ్ల పని అది. కారులో ఉన్న ద గోల్, ఆయన భార్య ప్రాణాలతో బయటపడ్డారు. ఆ దాడికి నాయకత్వం వహించిన బాస్టియన్ తిరీని 1963 మార్చి 11న కాల్చి చంపి మరణశిక్ష అమలు చేశారు. ఇంతవరకూ చరిత్రే. ఆ రోజుల్లో రాయిటర్స్ విలేకరిగా పారిస్‌లో పనిచేసిన ఫ్రెడరిక్ ఫోర్సైత్ 1971లో అచ్చయిన తన నవలను సరిగ్గా అక్కడే మొదలుపెట్టాడు. సొంత మనుషులతో పని జరగడం లేదని గ్రహించిన ద గోల్ మీద పగబట్టిన రహస్య సాయుధ సంఘం ఓఏఎస్ నాయకులు పోలీసు రికార్డుల్లో ఎక్కడా పేరులేని ఒక విదేశీ కిరాయి హంతకుణ్ణి పెట్టుకుంటారు. అతుకు ఇక్కడే పడింది. ఆ హంతకుడు కల్పన. అతని చుట్టూ ఉన్న పారిస్, మంత్రివర్గం, పోలీసు శాఖల మధ్య పోట్లాటలు అన్నీ నిజంలోంచి తీసుకున్నవే.

ద గోల్ 1970 నవంబరులో తన ఇంట్లోనే మామూలుగా కన్నుమూశాడని అందరికీ తెలుసు. హత్య విఫలమవుతుందని తెలిసిపోయాక చదివేదెవరని కొందరు ప్రచురణకర్తలు ఈ నవలను తిప్పి పంపారు కూడా. వాళ్ల లెక్క తప్పింది. పథకం ఫలిస్తుందా లేదా అని మనం చదవం, అతను ఎంత దగ్గరిదాకా రాగలడో చూద్దామని చదువుతాం.

ఫ్రెడ్ జిన్నెమన్ సినిమాలో నన్ను కట్టిపడేసింది ఆయన సంయమనం. హంతకుడి పాత్రకు పెద్ద స్టార్‌ను పెట్టకుండా, అప్పటికి అంతగా ముఖపరిచయం లేని ఎడ్వర్డ్ ఫాక్స్‌ను తీసుకున్నాడు. జనంలో కలిసిపోయే మనిషి కావాలి కదా మరి. నేపథ్య సంగీతం దాదాపు లేదు. అడవిలో తుపాకీని సరిచూసుకునే సన్నివేశమే చూడండి. సంతలో పుచ్చకాయ కొంటాడు, చెట్టుకు వేలాడదీస్తాడు, అడుగులు లెక్కపెట్టుకుంటూ వెనక్కి వెళ్లి కాలుస్తాడు. తిరిగి వచ్చి తూటా ఎక్కడ తగిలిందో చూస్తాడు. బుల్లి స్క్రూడ్రైవర్‌తో దుర్భిణిని కాస్త తిప్పుతాడు. మళ్లీ కాలుస్తాడు. చివరగా అసలు తూటా వేస్తే కాయ తునాతునకలైపోతుంది. ఒక్క మాట లేదు, ఒక్క వయొలిన్ తీగ మోగదు. ఆ తునకలు చూసినప్పుడు మన కళ్లముందు మెదిలేది ఒక మనిషి తల.

అవతలివైపు అతణ్ణి వేటాడే కమిషనర్ లెబెల్‌గా మైఖేల్ లాన్స్‌డేల్. నలిగిన కోటు, నిద్రలేని కళ్లు. రోజూ రాత్రి మంత్రుల, అధికారుల సమావేశంలో అతను చెప్పే ప్రతి విషయం హంతకుడికి చేరిపోతుంటుంది. ఒకరోజు ఆ సమావేశంలోనే ఒక టేప్ వినిపిస్తాడు. రహస్యం ఎవరింటి ఫోనులోంచి పోతోందో అందరికీ అర్థమవుతుంది. ఎవరి ఫోన్ వినాలో నీకెలా తెలిసిందని అడిగితే, తెలియదు కాబట్టి అందరివీ విన్నానని చెప్పి వెళ్లిపోతాడు. గదిలో ఉన్న పెద్దమనుషుల మొహాలు అప్పుడు చూడాలి.

సినిమా 143 నిమిషాలు. నవల చదివితే అదనంగా దొరికేది పని నేర్పు. చిన్నప్పుడే చనిపోయిన పిల్లాడి జనన ధ్రువపత్రం సంపాదించి, ఆ పేరుతో అసలైన పాస్‌పోర్టే తీసుకునే పద్ధతిని ఫోర్సైత్ పూసగుచ్చినట్టు రాశాడు. నవల వచ్చిన కొన్నేళ్లకు, 1974లో, జాన్ స్టోన్‌హౌస్ అనే బ్రిటిష్ ఎంపీ చనిపోయిన ఇద్దరి పేర్లు వాడుకుని, తాను సముద్రంలో మునిగిపోయినట్టు నాటకమాడి ఆస్ట్రేలియాలో దొరికిపోయాడు. కల్పన అంత ఆచరణయోగ్యంగా ఉందన్నమాట. ముందు సినిమా చూసి తర్వాత నవల చదివినా ఏ నష్టమూ లేదు. ఈ జాబితాలో అలా చెప్పగలిగేది దీని గురించే.

1997లో బ్రూస్ విల్లిస్‌తో వచ్చిన 'ద జాకాల్' జోలికి వెళ్లకండి. అందులో ద గోల్ లేడు, ఫ్రాన్స్ లేదు, చరిత్రే లేదు. 2024లో ఎడీ రెడ్‌మేన్‌తో వచ్చిన పది ఎపిసోడ్ల సిరీస్ బాగా తీశారు, కానీ కథను ఈ కాలానికి మార్చేశారు. వేట సరదా ఉంటుంది, ఆ అతుకు మాత్రం ఉండదు.

డాన్ బ్రౌన్ మూడు సినిమాలు

మన దగ్గర ఈ తరహా కథలకు జనాన్ని అలవాటు చేసింది ఇవే. 2022లో 'కార్తికేయ 2' చూసి, పురాణమూ చరిత్రా చిక్కుముడులూ కలిసిన ఇలాంటి కథలు ఇంకేమున్నాయని వెతికేవాళ్లకు మొదట తగిలేదీ బ్రౌన్ కథల హీరో లాంగ్డన్ ప్రొఫెసరే. మూడింటికీ దర్శకుడు రాన్ హోవర్డ్, హీరో టామ్ హ్యాంక్స్, సంగీతం హాన్స్ జిమ్మర్. అయినా మూడూ మూడు రకాలు.

'డావిన్సీ కోడ్' నవల 2003లో వచ్చింది. కథ మొదలవడానికి ముందే ఒక పేజీలో 'వాస్తవం' అని శీర్షిక పెట్టి, ప్రయొరీ ఆఫ్ సియోన్ 1099లో స్థాపించిన అసలైన రహస్య సంఘం అని రాశాడు బ్రౌన్. నా అభ్యంతరమంతా ఆ పేజీ మీదే. ఆ పేరుతో సంఘం పుట్టింది 1956లో, ఫ్రాన్స్‌లో, పియెర్ ప్లాంటార్ అనే ఆయన చేతుల మీదుగా. దానికి శతాబ్దాల చరిత్ర ఉన్నట్టు చూపే దొంగ కాగితాలను 1960ల్లో పారిస్ జాతీయ గ్రంథాలయంలో చేర్చారు. బ్రౌన్ వాటిని ఆధారంగా చూపించాడు. న్యూటన్, బోటిచెల్లి, డావిన్సీ ఆ సంఘానికి పెద్దలన్న జాబితా కూడా ఆ కాగితాల్లోదే. 325లో జరిగిన క్రైస్తవ బిషప్పుల నైసియా మహాసభలో క్రీస్తు దైవత్వం స్వల్ప మెజారిటీతో గెలిచిందని నవలలో ఒక పాత్ర చెబుతుంది. నిజానికి అక్కడ, క్రీస్తు తండ్రితో సమానం కాదన్న ఏరియస్‌తో కలిసి ఒప్పుకోకుండా నిలిచింది ఇద్దరు బిషప్పులే.

ఇన్ని చెప్పి కూడా నవల చదవమంటున్నానంటే కారణముంది. 105 అధ్యాయాలు, ఒక్కోటి నాలుగైదు పేజీలు. ప్రతి అధ్యాయం చివరా ఒక కొక్కెం. ముఖ్యంగా చిక్కుముడులు. లూవ్ర్ మ్యూజియం నేల మీద చనిపోతూ అక్కడి క్యురేటర్ పెద్దాయన రాసిన తారుమారు అంకెలు చూసి పుస్తకం పక్కన పెట్టి, కాగితం మీద మనమూ లెక్క వేసుకుంటాం. సినిమాలో అక్షరాలు వెలుగుతూ వాటంతట అవే కదిలి జవాబు చెప్పేస్తాయి. ఆలోచించే పని మన చేతిలోంచి లాగేసుకున్నారు. ఈ కథ నడిచేదంతా ఆ పని మీదే.

సినిమాలో నాకు బాగా నచ్చిన ఘట్టం ఒకటుంది. సర్ లీ టీబింగ్ పాత్రలో ఇయాన్ మెకెలన్ 'లాస్ట్ సప్పర్' చిత్రాన్ని తెర మీద పెట్టి, క్రీస్తు పక్కనున్న మనిషిని జరిపి చూపిస్తూ క్రీస్తుకు పెళ్లయిందన్న తన వాదన వినిపిస్తాడు. నమ్మకపోయినా వినాలనిపించే గొంతు ఆయనది. అదే సన్నివేశంలో సినిమా తెలివిగా ఒక మార్పు చేసింది. నవలలో లాంగ్డన్ టీబింగ్‌కు వంత పాడతాడు. సినిమాలో మాత్రం అడ్డుపడతాడు, అది పుకారు, ఇది నిరూపణ కాలేదు అంటాడు. అతుకు ఎక్కడుందో ప్రేక్షకుడికి ఆ ఒక్క మార్పుతో కాస్త కనిపిస్తుంది. 149 నిమిషాల సినిమాలో మిగతా చోట్ల అలాంటి ప్రాణం తక్కువ. ఇద్దరు మనుషులు ఒకచోటి నుంచి ఇంకోచోటికి పరిగెత్తి, అక్కడ నిలబడి ఉపన్యాసం చెప్పుకోవడమే ఎక్కువ. లూవ్ర్‌లో రాత్రిపూట నిజంగానే చిత్రీకరించారు. వెస్ట్‌మినిస్టర్ ఆబే వాళ్లు ఒప్పుకోకపోతే లింకన్ కెథెడ్రల్‌లో తీశారు. ఆ కట్టడాల కోసం, చివర్లో వచ్చే జిమ్మర్ సంగీతం కోసం ఒకసారి చూడవచ్చు.

తెలుగువాళ్లకు ఈ సినిమాతో ఇంకో లంకె ఉంది. 2006లో సెన్సార్ బోర్డు దీనికి 'ఎ' సర్టిఫికెట్ ఇచ్చి, ఇది కల్పిత కథ అని ప్రకటన వేయించి విడుదలకు అనుమతించింది. అయినా మత సంఘాల అభ్యంతరాలతో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రదర్శన ఆపేసింది. హైకోర్టు ఆ నిషేధాన్ని కొట్టివేసింది. నవల మొదట్లో 'వాస్తవం' అని రాసిన కథకు సినిమా మొదట్లో 'కల్పితం' అని వేయాల్సి రావడం గమనించండి. నవల అతుకును దాచిపెట్టింది కాబట్టే గొడవంతా. నిషేధించాల్సిన అవసరం ఏమీ లేదని నా గట్టి అభిప్రాయం. పాఠకుడికి కావలసింది ప్లాంటార్ ఎవరో తెలియడం. అది తెలిస్తే కథను కథలా ఆనందించవచ్చు.

'ఏంజెల్స్ అండ్ డీమన్స్' దగ్గరికొస్తే లెక్క తిరగబడుతుంది. ఇక్కడ సినిమాయే మేలు. నవల 2000లో, అంటే 'డావిన్సీ కోడ్' కంటే ముందే వచ్చింది. 2009లో సినిమా తీసినప్పుడు దాన్ని తరువాతి కథగా మార్చుకున్నారు. కాబట్టి ఏది ముందు చూడాలన్న బెంగ అక్కర్లేదు. పోప్ మరణించాడు, కొత్త పోప్‌ను ఎన్నుకోవడానికి కార్డినల్స్ సమావేశమయ్యారు, వారిలో నలుగురిని ఎవరో ఎత్తుకుపోయారు. గంటకొకరిని చంపుతామని బెదిరింపు. మామూలు పదార్థాన్ని తాకితే చాలు పేలిపోయే యాంటీమేటర్‌ను ఎక్కడో దాచారు, అది అర్ధరాత్రి పేలుతుంది. గడియారం మోగుతూ ఉంటే కథ తీరిగ్గా ఉపన్యాసాలు చెప్పలేదు. మొదటి సినిమాలోని లోపం అలా దానంతటదే పోయింది.

నవలలో నమ్మశక్యం కాని భాగాలు కొన్ని ఉన్నాయి. హెలికాప్టర్‌తో ముడిపడిన ఒక ఘట్టమైతే మరీ దారుణం. సినిమా వాటిని కత్తిరించి మంచి పని చేసింది. వాటికన్ అనుమతి ఇవ్వకపోవడంతో సెయింట్ పీటర్స్ చౌకును లాస్ ఏంజెలెస్‌లో సెట్ వేశారు, చూస్తుంటే తేడా తెలియదు. పోప్ లేని సమయంలో వ్యవహారాలు చూసే కామెర్లెంగోగా ఇవాన్ మెక్‌గ్రెగర్ నిదానమైన నటన చివరిదాకా నిలబెడుతుంది.

చరిత్ర సంగతి? కథలో ఈ దాడి వెనక వినిపించే పేరు ఇలూమినాటీ, ఆ సంఘం నిజంగానే ఉండేది. దాన్ని ఆడమ్ వైస్‌హాప్ట్ బవేరియాలో స్థాపించింది 1776 మే 1న. గెలీలియో పోయింది 1642లో. ఆయన్ను ఇలూమినాటీ సభ్యుడిగా చూపాలంటే నూటముప్పై ఏళ్లు వెనక్కి నడవాలి. కథలో యాంటీమేటర్ వచ్చిన భౌతికశాస్త్ర ప్రయోగశాల సెర్న్ నిజం, అక్కడ యాంటీమేటర్ తయారు చేయడమూ నిజం. కాకపోతే ఇన్నేళ్లలో తయారైనదంతా కలిపినా నానోగ్రాముల లెక్కే, దాంతో ఊళ్లు పేలవు. ఇన్ని తప్పులున్నా ఈ సినిమా మీద నాకు కోపం రాదు. ఎందుకంటే అందులో వెతికే దారి నిజమైన రోమ్‌లో ఉంది. సాంతా మరియా దెల్ పోపొలోలోని కీజీ చాపెల్, సాంతా మరియా దెల్లా విత్తోరియాలో బెర్నీని చెక్కిన సెయింట్ తెరెసా, నవోనా చౌకులో నాలుగు నదుల ఫౌంటెన్. ఇవన్నీ ఇవాళ వెళ్లి చూసి రావచ్చు. రోమ్ ప్రయాణం పెట్టుకున్నవాళ్లు బయల్దేరే ముందు ఇది చూస్తే ఆ ఊరు వేరేగా కనబడుతుంది.

'ఇన్ఫెర్నో' (నవల 2013, సినిమా 2016) మూడింటిలో బలహీనమైన సినిమా, బలమైన నవల. జనాభా పెరిగిపోతోందన్న భయంతో ఒక కోటీశ్వరుడు చేసిన పని, దాన్ని డాంటే కావ్యంలోని నరకంతో ముడిపెట్టడం. నవల చివర్లో బ్రౌన్ తన మామూలు దారి వదిలేసి పాఠకుణ్ణి సులువైన జవాబు లేని ప్రశ్న ముందు నిలబెట్టాడు. ఆయన చేసిన ధైర్యమైన పని అదొక్కటే అనిపిస్తుంది. సినిమా దాన్ని పూర్తిగా మార్చేసి, ఇస్తాంబుల్‌లోని బసిలికా నీటి తొట్టిలో బాంబు పేలకుండా ఆపే పరుగుగా దించేసింది. ఆ తొట్టి మాత్రం అద్భుతం. ఆరో శతాబ్దంలో జస్టీనియన్ కట్టించినది, నీళ్లలో నిలబడిన 336 స్తంభాలు. సినిమాలో ఇంకో ఆకర్షణ ఇర్ఫాన్ ఖాన్. 2006లో మన 'సైనికుడు'లో విలన్‌గా కనిపించిన ఆయన, ఇక్కడ డబ్బు తీసుకుని అబద్ధాలు సృష్టించి అమ్మే సంస్థ అధిపతి. ఎంత ఘోరమైన పనైనా ఆఫీసు పనిలా చేసేస్తాడు, ఆయన ఉన్నంతసేపూ కళ్లు పక్కకు తిప్పలేం.

'ద నేమ్ ఆఫ్ ద రోజ్'

1327, ఉత్తర ఇటలీ కొండల్లో ఒక మఠం. సన్యాసులు ఒక్కొక్కరే చనిపోతుంటారు. బాస్కర్‌విల్ విలియం అనే ఫ్రాన్సిస్కన్ సన్యాసి, అతని కుర్ర శిష్యుడు ఆడ్సో ఆ చావుల వెనకున్న ఒక పుస్తకాన్ని వెతుకుతారు. హాస్యం మీద అరిస్టాటిల్ రాశాడని చెప్పుకునే, మనకు దక్కకుండా పోయిన పుస్తకం అది.

ఉంబెర్తో ఎకో మధ్యయుగాన్ని జీవితమంతా చదువుకున్న పండితుడు. ఆయన నవలలో (1980) అతుకు దొరకడం చాలా కష్టం. విలియం కల్పన. అతనికి ఎదురు నిలిచే మత విచారణాధికారి బెర్నార్ గీ చరిత్రలో ఉన్నవాడే, మతభ్రష్టుల్ని ఎలా ప్రశ్నించాలో పాఠ్యగ్రంథం రాసినవాడు. క్రీస్తుకు సొంత ఆస్తి ఉండేదా లేదా అని పోప్ 22వ జాన్‌కూ ఫ్రాన్సిస్కన్లకూ నిజంగానే పెద్ద వివాదం నడిచింది. నవలలో ఆ వాదన పేజీలకు పేజీలు సాగుతుంది. మొదటి వంద పేజీలు కొండెక్కినంత కష్టమని ఒప్పుకోవాలి. దాటితే మాత్రం ఈ జాబితాలోని ఏ నవలా దీని పక్కన నిలబడలేదు.

1986లో జాన్ జాక్ అనో తీసిన సినిమా ఆ వాదనను దాదాపు వదిలేసి, హత్యలనూ ఆ మఠం వాతావరణాన్నీ ఉంచుకుంది. టైటిల్స్‌లో దీన్ని నవల ఆధారంగా తీశామనకుండా ఆ నవల మీద తిరగరాసిన ప్రతి అనే అర్థం వచ్చేలా వేసుకున్నారు. చెరిపేసి మళ్లీ రాసిన చర్మపత్రం లాంటిదని ముందే ఒప్పుకోవడం నాకు నచ్చింది. జర్మనీలోని ఎబర్‌బాక్ మఠంలో లోపలి దృశ్యాలు తీశారు. ముఖాలు చూడండి: పళ్లూడిపోయినవి, మచ్చలు పడ్డవి, చలికి కందినవి. పాత చర్చి గోడల మీది బొమ్మల్లోంచి లేచొచ్చినట్టుంటారు. నవలలో ఒకే అంతస్తులో 56 గదులుగా ఉండే గ్రంథాలయాన్ని సినిమా ఒకదాని మీదొకటి మెట్లు అల్లుకున్న గోపురంగా నిలబెట్టింది. కెమెరాకు అది సరైన నిర్ణయం. షాన్ కానరీ జేమ్స్ బాండ్ అని మనకు గుర్తుకే రాడు. ఆ రహస్య గది తలుపు తెరుచుకుని పుస్తకాల వరసలు కనబడగానే చిన్నపిల్లాడిలా మెరిసిపోయే ఆయన కళ్లు నాకు ఇప్పటికీ ఇష్టం.

ఒక చిన్న ముగింపు విషయం, వద్దనుకుంటే ఈ పేరా దాటేయండి. సినిమాలో బెర్నార్ గీకి జనం చేతిలో తగిన శాస్తి జరుగుతుంది. చరిత్రలో ఆయన 1331 దాకా బతికాడు, బిషప్‌గా పోయాడు. నవల ఆ చేదును ఉంచింది, సినిమా ప్రేక్షకుడి తృప్తి కోసం మార్చింది. ఆడ్సో మనసుపడ్డ పల్లె పిల్ల విషయంలోనూ అంతే. ఈ రెండు మార్పులూ నాకు మింగుడుపడలేదు.

2019లో జాన్ టర్టూరోతో ఎనిమిది ఎపిసోడ్ల సిరీస్ వచ్చింది. వదిలేసిన చరిత్రను చేర్చడానికి చోటు దొరికినా, అక్కర్లేని ఉపకథలు కూడా చేరాయి. సినిమా చూసి నవల చదివే ఓపిక లేనివాళ్లకు మధ్యే మార్గంగా పనికొస్తుంది.

నాజీల వేట మీద రెండు

'ద ఒడెస్సా ఫైల్', 'ద బాయ్స్ ఫ్రమ్ బ్రెజిల్' రెండిట్లో ఏది అని అడిగితే, మీకు నమ్మకం కలగాలంటే మొదటిది, ఊహ ఎగరాలంటే రెండోది.

ఒడెస్సా కూడా ఫోర్సైత్‌దే (నవల 1972, సినిమా 1974). 1963 నవంబరులో, కెనెడీ హత్య వార్త వచ్చిన రాత్రి, హాంబర్గ్‌లో ఒక యువ విలేకరికి ఆత్మహత్య చేసుకున్న యూదు వృద్ధుడి డైరీ దొరుకుతుంది. అందులో, యూదుల్ని నిర్బంధించిన రీగా ఘెట్టో అధికారి ఎడ్వర్డ్ రోష్‌మన్ చేసిన దారుణాలు ఉంటాయి. రోష్‌మన్ నిజమైన మనిషి. నవల రాసేనాటికి బతికే ఉన్నాడు, అర్జెంటీనాలో దాక్కుని. నాజీల జాడ తీసే సైమన్ వీసెంతాల్ ఫోర్సైత్‌కు సాయం చేశాడు. నవల, సినిమా రోష్‌మన్ పేరును ప్రపంచమంతా మోగించాయి. జర్మనీ అప్పగించమని అడగడంతో అతను పరాగ్వేకు పారిపోయి 1977 ఆగస్టులో అక్కడే చనిపోయాడు. సినిమాగా చూస్తే ఇది జాకాల్ అంత బిగువుగా లేదు, హీరో జాన్ వాయిట్ జర్మన్ యాస కాస్త ఇబ్బంది పెడుతుంది. అయినా మాక్సిమిలియన్ షెల్ రోష్‌మన్‌గా ఎదురు కూర్చుని తాను చేసినదాన్ని సమర్థించుకునే సన్నివేశం ఒక్కటి చాలు చూడడానికి. ఒక కల్పన అసలు మనిషిని దాక్కున్న చోటు నుంచి కదిలించిన సందర్భం నాకు ఇంకోటి తెలియదు.

'ద బాయ్స్ ఫ్రమ్ బ్రెజిల్' (ఐరా లెవిన్ నవల 1976, సినిమా 1978) ఆష్విట్జ్ నాజీ డాక్టర్ మెంగెలె చుట్టూ తిరుగుతుంది. వేర్వేరు దేశాల్లో 94 మంది అరవయ్యైదేళ్ల ఉద్యోగుల్ని నిర్ణీత తేదీల్లో చంపమని అతను ఆజ్ఞ ఇస్తాడు. ఎందుకన్నది తెలియకుండా చూడాలి, ఎవరు చెప్పబోయినా ఆపండి. సినిమా విడుదలైనప్పుడు అసలు మెంగెలె బ్రెజిల్‌లో మారుపేరుతో ఉన్నాడు. 1979 ఫిబ్రవరిలో సముద్రంలో ఈతకు వెళ్లి చనిపోయాడు. ఆ సంగతి ప్రపంచానికి తెలిసింది 1985లో. ఎప్పుడూ మంచివాడిగా కనిపించే గ్రెగరీ పెక్ మెంగెలెగా, లారెన్స్ ఒలీవియే వేటగాడిగా చేశారు. పెక్ నటన కాస్త మోతాదు మించిందని నా అభిప్రాయం. నవల చిన్నది, ఒక రాత్రిలో అయిపోతుంది. దానికే నా మొగ్గు.

రాబర్ట్ హారిస్ 'ఫాదర్‌లాండ్' (1992) గురించి ఒక్క మాట. హిట్లర్ యుద్ధం గెలిచి ఉంటే 1964 బెర్లిన్ ఎలా ఉండేదన్నది కథ. 1942 జనవరి 20న యూదుల సామూహిక హత్యకు పథకం వేసేందుకు వాన్‌సే భవనంలో జరిగిన సమావేశపు కాగితాలు అందులో రహస్యం. చరిత్ర మనకు తెలిసి, పాత్రలకు తెలియకపోవడం నుంచి పుట్టే గుబులు మాటల్లో చెప్పలేను. 1994లో వచ్చిన టీవీ సినిమా ఆ గుబులును నిలబెట్టలేకపోయింది. నవల మాత్రం వదలకండి. ఇక 'ద నైన్త్ గేట్' (1999) తన మూల నవల 'ద క్లబ్ డ్యూమా'లోని సగం కథను, ఫ్రెంచ్ నవలాకారుడు డ్యూమా గురించిన సగాన్నే, తీసి పారేసింది. పాత పుస్తకాల వ్యాపారం చూపించిన తీరు బాగుంటుంది, అంతవరకే.

కూర్చునే ముందు

ఇంట్లో పిల్లలుంటే జాగ్రత్తపడాల్సినవి కొన్ని ఉన్నాయి. 'డావిన్సీ కోడ్'లో సైలస్ తనను తాను కొట్టుకునే దృశ్యాలు కలవరపెడతాయి. 'ద నేమ్ ఆఫ్ ద రోజ్'లో ఒక శృంగార సన్నివేశం, మనుషుల్ని మంటల్లో కాల్చే దృశ్యాలు ఉన్నాయి, అది పెద్దవాళ్లకే. 'ఏంజెల్స్ అండ్ డీమన్స్'లో హత్యలు కాస్త ఘోరంగానే ఉంటాయి, టెన్త్ దాటినవాళ్లయితే ఫర్వాలేదు. జాకాల్‌లోనూ ఒకట్రెండు నగ్న దృశ్యాలు, ఓఏఎస్ మనిషిని హింసించే ఘట్టం ఉన్నాయి.

భాష విషయానికొస్తే జాకాల్‌లో మాటలు తక్కువ, ఇంగ్లిష్ అంతంతమాత్రంగా వచ్చినా చూసి అర్థం చేసుకోవచ్చు. పాత్రల పేర్లు, శాఖల పేర్లు మొదటి అరగంటలో గబగబా వస్తాయి కాబట్టి సబ్‌టైటిల్స్ పెట్టుకోండి. 'రోజ్'లో సాల్వటోరె అనే గూని సన్యాసి నాలుగైదు భాషలు కలిపి మాట్లాడతాడు. అది ఎవరికీ పూర్తిగా అర్థం కాకూడదనే అలా రాశారు, వెనక్కి తిప్పి వినక్కర్లేదు. బ్రౌన్ సినిమాల్లో మాత్రం ఒక్క డైలాగు జారినా తర్వాతి పరుగు ఎందుకో తెలియదు. ఫోన్ పక్కన పెట్టి చూడండి, ప్లాంటార్ ఎవరో, వైస్‌హాప్ట్ ఎవరో వెతకడం సినిమా అయ్యాక పెట్టుకోండి.